పసిబిడ్డకు యాంటీబయాటిక్ ఎప్పుడు?



ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ప్రార్థన చేయించుకొనుటకు బిడ్డలను ఎత్తుకొని వచ్చే తల్లుల సంచులలో ఈ మధ్య యాంటీబయాటిక్ సిరప్ సీసా తరచుగా కనబడుచున్నది. ముక్కు కారితే అదే, నాలుగు విరేచనములైతే అదే, పళ్ళు వచ్చేటప్పుడు ఒళ్ళు వెచ్చబడితే అదే. కొందరు డాక్టరుగారు వ్రాసినది తెచ్చుకొందురు. మరికొందరు మందుల షాపులో అడిగి తెచ్చుకొందురు. "పోయినసారి పెద్దవాడికి పనిచేసింది పాస్టరుగారూ" అందురు.

ఈ మందును నేను తక్కువ చేయుట లేదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. 1940ల నుండి అది వాడుకలోనికి వచ్చిన తరువాత, న్యుమోనియాతో చనిపోవలసిన బిడ్డలెందరో బ్రతికారు. అది దేవుడిచ్చిన మేలే. అయితే అది బాక్టీరియా మీదనే పనిచేయును. పిల్లలకు వచ్చే జలుబు వైరస్ వలన వచ్చును, దానిని ఈ మందు తాకనైనా తాకదు. జలుబు వారము పది రోజులలో తనంతట తానే తగ్గును, పేరు మాత్రము సిరప్‌కు వచ్చును.

పనిచేయకపోతే పోనీ, నష్టమేమి అని మీరడుగవచ్చును. బిడ్డ పుట్టినప్పటి నుండి మేలుచేసే సూక్ష్మజీవులు ప్రేగులలో చేరి, మొదటి రెండు మూడేండ్లలో స్థిరపడును. ఆహారము అరుగుటకు, రోగనిరోధక శక్తి సరిగా ఎదుగుటకు అవి తోడ్పడును. తల్లిపాలలో బిడ్డకు అరగని ఒక రకపు చక్కెర యున్నది. అరగనిది ఎందుకు? అది ఆ సూక్ష్మజీవులకు ఆహారము! సృష్టికర్త తల్లి రొమ్ములో బిడ్డకే గాక, బిడ్డ కడుపులోని పనివారికి కూడ భోజనము సిద్ధపరచెను. ఈ సంగతి తలంచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యమే. తగని కలుపు మందు కొడితే కలుపుతోపాటు పైరు కూడ మాడునట్లు, యాంటీబయాటిక్ చెడ్డవాటితోపాటు ఈ మంచివాటిని కూడ చంపును.

దీని ఫలితము తరువాతి వయస్సులో కనబడునా? అమెరికాలోని మిన్నెసోటాలో 14,000 మందికి పైగా పిల్లల వివరములు పరిశీలించి 2020లో ప్రకటించారు. రెండేండ్లలోపు ఈ మందులు పుచ్చుకొనిన పిల్లలలో ఉబ్బసము, గజ్జివంటి చర్మవ్యాధి, అధిక బరువు ఎక్కువగా కనబడినవి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2000 నుండి 2014 వరకు పసిబిడ్డలకు యాంటీబయాటిక్స్ వ్రాయుట తగ్గగా, చిన్నపిల్లలలో ఉబ్బసము కూడ తగ్గినది. అయితే స్వీడన్‌లో ఒకే తల్లి పిల్లలను పోల్చి చూచినప్పుడు ఉబ్బసముతో ఈ సంబంధము చాలావరకు బలహీనపడినదని 2014లో తెలిపారు. కాబట్టి రుజువు ఇంకా పూర్తి కాలేదు. సిరప్ పోసినందువలననే నా బిడ్డకు ఆయాసము వచ్చినదని ఏ తల్లియు తన్ను తాను నిందించుకొనకూడదు, ఏ అత్తగారును కోడలిని నిందించకూడదు. అనుమానము లేని నష్టము వేరొకటి యున్నది. అనవసరముగా వాడిన కొలది క్రిములు మొండివగును, నిజముగా ప్రాణము మీదికి వచ్చిన రోజున మందు పనిచేయదు.

ఆ రోజు వచ్చినప్పుడు మాత్రము ఆలస్యము చేయకండి. ఈ వ్యాసము చదివి అవసరమైన మందు మానిపించినవారు నా మాట తప్పుగా అర్థము చేసికొన్నవారే. బిడ్డ నిదానముగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండు నిమిషము ఊపిరి లెక్కించండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, అయిదేండ్లలోపు 40, లేక అంతకు మించితే అది వట్టి జలుబు కాదు. డొక్కలు ఎగరవేయుచున్నా, పాలు త్రాగకున్నా, రెండు నెలలలోపు బిడ్డకు జ్వరము వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ప్రార్థన దారిలో చేసికొనవచ్చును. హిజ్కియా ప్రార్థన దేవుడు ఆలకించెను, అయినను యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టించెను గదా!

నీళ్ళ విరేచనములకు సాధారణముగా కావలసినది ఓ.ఆర్.ఎస్., 14 రోజులు జింకు, మానకుండా తల్లిపాలు. మొదటి రెండును ఆశా కార్యకర్త ఉచితముగా ఇచ్చును. రక్తము పడితే డాక్టరుకు చూపండి.

మందు ఇవ్వని డాక్టరు మంచి డాక్టరు కాడని మన ఊళ్ళలో ఒక అభిప్రాయము. అందుచేత పాపము కొందరు అక్కరలేకున్నా వ్రాయుదురు. "ఇది యాంటీబయాటిక్ అండీ? బిడ్డకు తప్పనిసరా?" అని మర్యాదగా అడగండి. తప్పనిసరి అంటే చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు పోయండి. పొడి మందులో కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకే పోసి, ప్రతిసారి బాగుగా కదపండి. కలిపిన సిరప్ చాలావరకు వారము రోజులే నిలుచును. మిగిలినది చిన్నదానికి పనికివచ్చునని అటక మీద దాచిన సీసాలుంటే, ఈ రోజే దించి పారవేయండి.