పసుపు లైటు వెలిగితే పర్సు తీయకండి, ముందు కోడ్ చదవండి

ఈసారి జీవామృతం గురించి కాదు, బండి గురించి. పైన వీడియోలో నా చేతిలో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా కనిపిస్తుంది కదా, దాని గురించే ఈ ముచ్చట. సహజ సాగు పేజీలో కార్ల సంగతేందని కొందరికి అనిపించొచ్చు. మొత్తం చదివి అప్పుడు తిట్టండి.

నాది మేళ్లచెరువు. దేశీ బియ్యం, కూరగాయలు, గానుగ నూనె వారానికోసారి హైదరాబాద్ తీసుకుపోయి ఇళ్లకు ఇస్తాను. కోదాడ దగ్గర 65వ నంబర్ హైవే ఎక్కి పోతే దాదాపు 200 కిలోమీటర్లు. ఇందుకోసం సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ పికప్ కొన్నాను. రెండేళ్ల కింద ఒక రాత్రి లోడ్ ఎక్కించి బయల్దేరితే, సూర్యాపేట రాకముందే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ లైటు పసుపు రంగులో వెలిగింది. బండి లాగుడు కూడా కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఎలాగోలా డెలివరీలు ముగించి తిరుగుదారిలో ఒక గ్యారేజీలో చూపించాను. ఆయన బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, "ఇంజెక్టర్లు పోయినయ్ తమ్మీ, నాలుగూ మార్చాలె, నలభై వేల దాకా అయితది" అన్నాడు. మిషన్ పెట్టి చూడనే లేదు.

ఆ ఏడు ఎకరం దేశీ వరి మీద ఖర్చులు పోను నాకు మిగిలింది అంత కూడా లేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి ఇంటికొచ్చేశాను. ఆన్‌లైన్‌లో 650 రూపాయలు పెట్టి కోడ్ రీడర్ తెప్పించాను. పెట్టి చూస్తే పి0113 అని వచ్చింది. ఇంజిన్ లోపలికి పోయే గాలి వేడిని కొలిచే సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువ చూపిస్తోందని దాని అర్థం. వైరు తెగినా, ప్లగ్గు ఊడినా ఎక్కువగా ఇదే వస్తుంది. వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే ఒక దగ్గర ఎలుక కొరికి ఉంది. వడ్ల బస్తాల షెడ్డులోనే బండి పెడతాను మరి! ఊళ్లో ఎలక్ట్రీషియన్ 150 తీసుకుని వైరు అతికించి టేపు చుట్టాడు. కోడ్ తుడిచాం. లైటు మళ్లీ రాలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది ఆ డబ్బా అమ్మేవాళ్ల ప్రకటన అయిపోతుంది. అసలు నేను చెప్పాలనుకున్నది తర్వాత జరిగిన దాని గురించి.

ఆరు నెలల తర్వాత మళ్లీ లైటు వెలిగింది. ఈసారి పి0101. ఇంజిన్ పీల్చే గాలి ఎంతో కొలిచే సెన్సార్ రీడింగు లెక్కకు తగ్గట్టు లేదని అర్థం. మొదటిసారి గెలిచిన పొగరు ఉంది కదా, సెన్సారే పోయిందని నిర్ణయించుకుని 4,500 పెట్టి కొత్తది వేయించాను. మూడు రోజులకు మళ్లీ అదే లైటు, అదే కోడ్. తీరా చూస్తే ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో గట్టిగా పూడుకుపోయి ఉంది. మా దగ్గర సున్నపురాయి లారీలు తిరిగే దారులు ఎట్లుంటాయో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. దానికి తోడు కోతల టైంలో పొట్టు దుమ్ము. ఫిల్టర్ మారిస్తే సరిపోయే దానికి సెన్సార్ కొన్నాను. గ్యారేజీ ఆయన చెవితో విని చెప్పిన తప్పునే నేను ఫోన్‌లో చూసి చేశాను, అంతే తేడా.

ఈ తప్పు మనకు కొత్తది కాదు. మా వైపు సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ, బత్తాయి లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరుగుతాయి. ఇనుము లోపం. చాలామంది ఏం చేస్తారు? అన్నభేది తెచ్చి నేలలో పోస్తారు. నేలలో ఇనుము ఉండనే ఉంటుంది, సున్నం వల్ల అది వేరుకు అందదు. అగ్రికల్చర్ డిప్లొమాలో మాకు ఇది పాఠం, పొలంలో కళ్లారా చూసిన సంగతి. ఆకు "నాకు ఇనుము అందట్లేదు" అని మాత్రమే చెబుతుంది. ఎందుకు అందట్లేదో మనం వెతుక్కోవాలి. కోడ్ కూడా పసుపు ఆకు లాంటిదే. పెట్రోలు బండిలో పి0171 వస్తే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. ఆక్సిజన్ సెన్సార్ మార్చమని కాదు. ఎక్కడో పైపు చిట్లి గాలి లాగుతుండొచ్చు, పెట్రోలు పంపు నీరసపడి ఉండొచ్చు.

ఆకు చూసి వెంటనే డబ్బా మందు కొనొద్దని పది మందికి చెప్పే మనం, లైటు చూసి వెంటనే నలభై వేలు ఎందుకు తీస్తున్నాం? పెట్టుబడి తగ్గించుకోవడమంటే యూరియా ఒక్కటి మానేయడమేనా? రవాణా ఖర్చు కూడా పెట్టుబడే. నేరుగా అమ్ముకునే రైతుకు బండి ఒక రోజు ఆగితే టమాటా, పాలకూర ఏమవుతాయో తెలుసు కదా.

సరే, డబ్బా సంగతికి వద్దాం. బండిలో స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర, 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఓబీడీ పోర్టు అంటారు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్4 ప్రమాణాలు 2010లో హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటికీ వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6. అందుకని పాత బండి ఉన్నవాళ్లు కొనేముందు ఒకసారి వంగి ఆ సాకెట్ ఉందో లేదో చూసుకోండి. సాకెట్ ఉన్నా కొన్ని పాత బండ్లు ఈ చవక డబ్బాతో మాట్లాడవు. అదే మోడల్ ఉన్న వాళ్ల దగ్గర అడిగి పెట్టి చూసుకోవడం మంచిది.

ట్రాక్టర్‌కు పనికొస్తుందా అని ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేశారు. పనికిరాదు. 50 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి కంప్యూటరే ఉండదు. 2023 జనవరి నుంచి అంతకు మించిన వాటికి ట్రెమ్ 4 ప్రమాణాలు వచ్చి ఎలక్ట్రానిక్ ఇంజిన్లు వచ్చాయి గానీ, వాటి ప్లగ్గు వేరు, భాష వేరు.

ఏది కొనాలి? బ్లూటూత్ డబ్బాల్లో వాడే ఈఎల్‌ఎం 327 అనే చిప్పును కెనడాలో ఒక చిన్న కంపెనీ తయారు చేసింది. మొదటి వెర్షన్‌కు కాపీ రక్షణ పెట్టకపోవడంతో అందరూ నకలు కొట్టారు. ఇవాళ 300 నుంచి 800కు దొరికేవన్నీ దాదాపు ఆ నకళ్లే. డబ్బా మీద రాసిన వెర్షన్ నంబరును నమ్మకండి, తిరిగి తీసుకునే షరతు ఉన్న చోట కొనండి. ఆండ్రాయిడ్ ఫోనైతే బ్లూటూత్‌ది, ఐఫోనైతే వైఫైది లేదా ఐఫోన్‌కు పనిచేస్తుందని స్పష్టంగా రాసినది తీసుకోండి. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ఫోన్ గొడవ వద్దనుకుంటే స్క్రీన్ ఉన్న వైరు రీడర్లు 1,200 నుంచి 2,500 దాకా ఉన్నాయి. మా నాన్న లాంటి వాళ్లకు అదే నయం. పెట్టగానే అంకె చూపిస్తుంది, నోట్‌బుక్‌లో రాసుకుంటే అయిపోతుంది. పది వేల మిషన్ మన అవసరానికి దండగ అని నా అభిప్రాయం. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు, స్ప్రేయర్ పంచుకున్నట్టే.

వాడటం కష్టమేం కాదు. ఇంజిన్ ఆపి ఉంచి, తాళం ఆన్ చేసి, డబ్బా గుచ్చి, ఫోన్‌లో జత చేయాలి. పిన్ అడిగితే 1234 లేదా 0000. టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్‌లు ఉన్నాయి. కోడ్ వచ్చాక వేళ్లు ఆగవు, తుడిచేయాలనిపిస్తుంది. తుడవొద్దు! ముందు అంకె రాసుకోండి. దాని పక్కనే ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది. లైటు వెలిగిన ఆ క్షణాన బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ వేడి ఎంత అన్నది అక్కడ దాచి ఉంటుంది. కోడ్ తుడిస్తే అదీ పోతుంది. మెకానిక్‌కు పనికొచ్చే ఆధారమంతా మన చేతులతో మనమే చెరిపినట్టు. పని అయ్యాక డబ్బా పీకేయండి, అక్కడే వదిలేస్తే రోజులు గడిచే కొద్దీ బ్యాటరీ తాగుతుంది.

బీఎస్6 డీజిల్ బండ్లున్న వాళ్లు కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఇంటి నుంచి పొలానికి మూడు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి, రోజంతా ఇట్లనే తిప్పితే ఫిల్టర్ వేడెక్కదు, మసి కాలదు. పి2463 వచ్చిందంటే మసి బాగా పేరుకుందని అర్థం. బండి పుస్తకంలో రాసినట్టు హైవే మీద కొంతసేపు ఆగకుండా నడిపితే చాలాసార్లు అదే కాల్చుకుంటుంది, ఆలస్యం చేస్తే మాత్రం వర్క్‌షాపే గతి. ఇంకో మాట. మసి కాలేటప్పుడు ఆ గొట్టం విపరీతంగా వేడెక్కుతుంది. ఆ టైంలో బండిని తీసుకొచ్చి ఎండుగడ్డి మీద, మల్చింగ్ కుప్పల పక్కన ఆపొద్దు. నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఈ డబ్బా జేబులో వేసుకుని పోండి. అమ్మేవాడు పొద్దున్నే కోడ్ తుడిచి లైటు లేకుండా చూపిస్తాడు. రెడీనెస్ అనే పేజీ తెరిస్తే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో కనిపిస్తుంది. చాలావరకు పూర్తి కాలేదని ఉంటే ఈ మధ్యే తుడిచారనో, బ్యాటరీ తీశారనో అనుమానించాలి. కోడ్లు తుడిచాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా కొన్ని బండ్లు చూపిస్తాయి. "మూడేళ్లుగా ఒక్క రిపేరు లేదన్నా" అనే బండి 11 కిలోమీటర్లు అని చూపిస్తే నవ్వొస్తుంది. నేను ఇది తెలియకముందే కొన్నాను, ఆ బాధ వేరే.

డబ్బాకు తెలియనివీ ఉన్నాయి. క్లచ్ అరిగింది, బేరింగ్ మోగుతోంది, టైరు కోసుకుపోతోంది అని ఇది చెప్పదు. చవక వాటిలో ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కోడ్లు చాలావరకు రావు. ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలిగినా, ఇంజిన్ వేడి ముల్లు ఎర్ర గీత దాటినా కోడ్ చూస్తూ కూర్చోవద్దు, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. పసుపు లైటు నిలకడగా కాకుండా మినుకు మినుకుమంటే ఇంజిన్ సరిగ్గా మండట్లేదని హెచ్చరిక, అలాగే తోలుకుంటూ పోవద్దు. వారంటీలో ఉన్న బండి నేరుగా షోరూంకే.

మెకానిక్ అన్నల మీద నాకు కోపం లేదు. ఫోన్ ముఖాన పెట్టి "నీకేం తెల్వదు" అన్నట్టు మాట్లాడితే ఎవరైనా పని మనసు పెట్టి చేయరు. ఇప్పుడు నేను పోయేది కోదాడ దారిలో ఇంకో మెకానిక్ దగ్గరికి. కోడ్ అంకె, లైటు ఎప్పుడు వెలిగిందో, ఎంత లోడ్ ఉందో చీటీ మీద రాసి ఇస్తాను. ఆయన చీటీ చూసి, ముందు చవకగా తేలేవి ఒక్కొక్కటే చూస్తాడు. ఫిల్టర్, పైపులు, వైర్లు, ఆ తర్వాతే సెన్సార్లు. మొన్నటికి మొన్న 200 తీసుకుని ఒక క్లిప్పు బిగించి పంపాడు.

ఎలుకల సంగతి మిగిలింది. వేపనూనెలో ముంచిన గుడ్డ కడితే రావని ఎవరో అంటే కట్టి చూశాను, నాలుగో రోజుకు ఆ గుడ్డనే ఎత్తుకుపోయి గూడు కట్టుకున్నాయి. ఇప్పుడు రాత్రిపూట బానెట్ ఎత్తి పెడుతున్నా, షెడ్డులో బల్బు వేసి ఉంచుతున్నా, బస్తాలు అటు గోడకు జరిపాను. రెండు నెలలైంది, వైర్లు బాగానే ఉన్నాయి. మీ దగ్గర ఇంకేదైనా పనిచేస్తే చెప్పండి, వచ్చే వీడియోలో చేసి చూపిస్తా.