ఇంటిపని దేవుని సేవైతే, అది అందరి సేవ

పెద్దలు, చిన్నాయనలు, మామలు ఇది చదివి కోపగించుకోవద్దు. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

స్త్రీల కూడికల్లో, మదర్స్ డే ఆరాధనలో, పెళ్ళి ప్రసంగాల్లో మనం ఎప్పుడూ వినే మాట ఒకటుంది. ఇంటిపని దేవుని సేవ, బిడ్డల్ని పెంచడం గొప్ప పరిచర్య అని. ఆ మాట నిజం. నేను నమ్ముతా. కానీ దాన్ని గట్టిగా చెప్పేవాళ్ళే నమ్మడం లేదు. నమ్మితే ఆ సేవలో వాళ్ళు కనపడాలి కదా? వాక్యం చెప్పడం సేవ అంటే మగవాళ్ళు ముందుకొస్తారు. కానుకలు లెక్కపెట్టడం సేవ అంటే ముందుకొస్తారు. అంట్లు తోమడం సేవ అన్నప్పుడు మాత్రం “ఆమెన్” చెప్పి లేచి చేతులు కడుక్కుంటారు.

ముందు నా నమ్మకం సంగతి చెప్తా. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు అవ్వ బైబిలు, కీర్తనల పుస్తకం చూసి నేర్చుకున్నా. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టరుని, ఇద్దరు బిడ్డల తల్లిని. మా పనిలో రిగ్రెషన్ టెస్టింగ్ అని ఒకటుంది. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా, నిన్న బాగున్నవన్నీ ఈరోజూ బాగున్నాయా అని మళ్ళీ మొదట్నుంచి చూడాలి. నిన్న చేసిందే ఈరోజు, ఈరోజు చేసిందే రేపు. దానికి ఒక పేరుంది, జీతముంది, ఆపితే ఏమవుతుందో మేనేజరుకు తెలుసు. ఇంట్లో పని కూడా అంతే. నిన్న తోమిన గిన్నే ఈరోజు తోమాలి, నిన్న ఉతికిన యూనిఫారమే ఈరోజు ఉతకాలి. ఆ పనికి మాత్రం “పొద్దున్నుంచి ఏం చేశావు?” అని అడుగుతారు.

ఈ మళ్ళీ మళ్ళీ చేసే పనికి నాకు అర్థం దొరికింది మన్నా కథలో. నిర్గమకాండం 16 చూడండి. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. మరుసటి రోజుకు దాచినవాళ్ళది పురుగు పట్టింది. నలభై ఏళ్ళు దేవుడు అదే పని మళ్ళీ మళ్ళీ చేశాడు, విసుక్కోలేదు. యేసుప్రభువు పరలోకరాజ్యం గురించి చెప్పడానికి పిండిలో పులిపిండి కలిపే ఆడమనిషిని చూపించాడు. పోయింది దొరికితే పరలోకంలో ఎంత సంతోషమో చెప్పడానికి, దీపం పెట్టి ఇల్లు ఊడ్చి నాణెం వెతుక్కునే ఆమెను చూపించాడు. యెషయా 66లో దేవుడు తన ఓదార్పును తల్లి ఓదార్పుతో పోల్చాడు. జ్వరమొచ్చిన బిడ్డను రాత్రి మూడింటికి భుజాన వేసుకుని హాల్లో తిరిగేటప్పుడు నోటికి ప్రార్థన రాదు. ఆ తిరగడమే ప్రార్థన అని నేను నమ్ముతా. దీన్ని ఎవరూ నా దగ్గర్నుంచి తీసుకోలేరు.

అందుకే ఈ మాటను అడ్డం పెట్టుకుని ఎవరైనా కాలు మీద కాలేసుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మన ఇంటి కథలే చూడండి. తాత చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గనులకు వచ్చాడు, ఛాంపియన్ రీఫ్‌లో దిగాడు. ఆ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది, ప్రపంచంలోనే బాగా లోతైన గనుల్లో ఒకటి. ఇది మన ఇంట్లో చిన్నపిల్లోడికీ తెలుసు. అవ్వ లైన్లలో కొళాయి దగ్గర ఎన్ని బిందెలు పట్టి మోసిందో ఎవరికైనా తెలుసా? శివనసముద్రం నుంచి గనులకు కరెంటు 1902లోనే వచ్చింది. అవ్వ వంటింట్లో మాత్రం చివరిదాకా కట్టెల పొయ్యే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక నాయన పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాడు. ఆ రైలు కష్టం చుట్టాలందరికీ తెలుసు. ఆ రైలుకు క్యారియరు కట్టడానికి నాలుగుకే లేచిన అమ్మ గురించి ఎవరూ ఒక్క సాక్ష్యం చెప్పలేదు. సేవ అన్నారు, కానీ సేవకురాలి పేరు రాయలేదు.

ఇక వాక్యానికి వద్దాం. మార్త, మరియల కథ చెప్పి “మార్తలా ఉండొద్దు” అంటారు. అది చెప్పిన అరగంటకే “అమ్మా, భోజనాలు రెడీనా?” అని వంటింట్లోకి తొంగిచూస్తారు! లూకా 10లో ప్రభువు వంటను తప్పు పట్టలేదు, మార్త కంగారును చూశాడు. కానీ వాక్యం వింటూ కూర్చున్న మరియను లేపి వంటింటికి పంపలేదు. అది మనవాళ్ళు గమనించరు. ఇంకో సంగతి. లాజరు చనిపోయినప్పుడు, నువ్వే క్రీస్తువని ప్రభువు ముందర ఒప్పుకున్నది ఈ మార్తే. తర్వాత యోహాను 12లో ఆమె మళ్ళీ వడ్డిస్తూ కనపడుతుంది. వడ్డించే చెయ్యి, విశ్వాసం ఒప్పుకునే నోరు ఒకే మనిషివి.

అపొస్తలుల కార్యములు 6 మన సంఘాల్లో వినేది స్తెఫను కోసమే. అసలు గొడవ దేనికి మొదలైందో చూడండి. అన్నం పంచడం దగ్గర. గ్రీకు మాట్లాడేవాళ్ళలోని విధవరాళ్ళకు సరిగా అందడం లేదని. వేరే భాషవాళ్ళ ఊళ్ళో బతుకుతున్న మనకు ఆ బాధ చెప్పనక్కర్లేదు. అప్పుడు అపొస్తలులు ఏం చేశారు? ఆడవాళ్ళను పిలిచి “ఇది మీ సేవ” అనలేదు. మంచి పేరున్న, ఆత్మతో, జ్ఞానంతో నిండిన ఏడుగురు మగవాళ్ళను ఏర్పరచుకోమన్నారు, చేతులుంచి ప్రార్థన చేశారు. భోజనం పంచడానికి! మన తెలుగు బైబిల్లో ఆ అన్నం పంచే పనికీ, వాక్యం చెప్పే పనికీ వాడిన మాట ఒకటే, పరిచర్య.

సామెతలు 31 సంగతి. గుణవతి తెల్లారకముందే లేస్తుంది, రాత్రి దీపం ఆర్పదు, అక్కడిదాకా ప్రతి ప్రసంగంలోనూ ఉంటుంది. ఆమె పొలం చూసి కొంటుంది, తన సంపాదనతో ద్రాక్షతోట వేస్తుంది, బట్టలు నేసి అమ్ముతుంది. అది ఉండదు. ఆమధ్య ఒక బోధకుడు ఇదే అధ్యాయం చదివి, ఉద్యోగం చేసే తల్లి దేవుని చిత్తం తప్పినట్టే అన్నాడు. చేతిలో పుస్తకం ఉంది, అందులో ఉన్నది కనపడలేదు.

“భర్త శిరస్సు కదా?” అంటారు. అవును, ఎఫెసీయులకు 5లో ఉంది. క్రీస్తు ఎట్లా ప్రేమించాడో అట్లా అని కూడా అక్కడే ఉంది. ఆయన నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు. లేచిన తర్వాత కూడా, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులకు తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేప కాల్చి తినమని పిలిచాడు. మరణాన్ని గెలిచినవాడు చేసిన పని అది. మార్టిన్ లూథర్ 1522లోనే వివాహం మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. ఒక తండ్రి విశ్వాసంతో బిడ్డ గుడ్డలు ఉతికితే, లోకం నవ్వినా దేవుడూ దూతలూ ఆనందిస్తారని. లూథర్ పేరు తలిచే మనవాళ్ళు ఈ పేజీ తిప్పరు.

“మేం బయట కష్టపడతాం కదా” అన్నది ఇంకో మాట. నేనూ బయట కష్టపడతా. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. మగవాళ్ళలో అసలు చేసేవాళ్ళే నూటికి ఇరవై ఆరు మంది, వాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. ఈ లెక్క అందరిదీ. మన క్రైస్తవ ఇళ్ళు వేరుగా ఉన్నాయని మీరెవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

ఇంకో పక్క ఆఫీసులో కొందరుంటారు. ఇంటిపని అంటే దండగ, పనమ్మను పెట్టుకుని పడేయ్ అంటారు. పనమ్మను నేనూ పెట్టుకున్నా. కానీ పని ఆమె చేతికి పోయినంత మాత్రాన చిన్నదైపోదు. ఆమెకూ బిడ్డలున్నారు. మన్నా కూడా ఏడో రోజు పడలేదు. విశ్రాంతి దినం ఆజ్ఞలో దాసి పేరు కూడా ఉంది. మనం ఆదివారం గుడికి పోతూ ఆమెను అంట్లకు రమ్మంటే ఆ ఆజ్ఞ ఎవరికి?

కాబట్టి నేను అడిగేవి ఇవి. ఈ డిసెంబరులో అందరం కలిసినప్పుడు మగవాళ్ళు వండి, వడ్డించి, అంట్లు కడగాలి. ఆడవాళ్ళు కూర్చుని వాక్యం వింటారు, చెప్తారు కూడా. మగబిడ్డలకు సండే స్కూల్ వాక్యాలు నేర్పించినట్టే అన్నం వండడం నేర్పించాలి. పనమ్మకు ఆదివారం జీతంతో సెలవు ఇవ్వాలి. అవ్వల గురించి, అమ్మల గురించి తెలిసినవాళ్ళు రాసి పంపాలి, ఎన్నింటికి లేచేవాళ్ళు, ఏం వండేవాళ్ళు, ఏ పాట పాడుకుంటూ వండేవాళ్ళు అని.

ఇవి చెయ్యడం కష్టం అనేవాళ్ళు నిజాయితీగా ఉండండి. ఇంటిపని దేవుని సేవ అన్న మాట ఇకమీదట ప్రసంగంలో చెప్పొద్దు. చెప్పేవాళ్ళు ముందు తమ పళ్ళెం తాము కడిగి రండి.