కపిల నుంచి బోరు దాకా: బిల్లు ఎవరు కడుతున్నారు?

వర్క్ అంటే ఫోర్స్ ఇంటూ డిస్‌ప్లేస్‌మెంట్ అని తెలియనివాళ్ళు మన క్లాసులో ఎవరూ లేరు. ఎంట్రన్స్ కోసం దీని మీద ఎన్ని బిట్లు చేశామో లెక్కలేదు. కానీ మన చేని బోరులో నీళ్ళు ఎన్ని అడుగుల కింద ఉన్నాయో ఎంతమందికి తెలుసు? పోయిన సెలవుల దాకా నాకూ తెలీదు.

ఆ సెలవుల్లో మా నాయన మూడో బోరు వేయించినాడు. అప్పు చేసి వేయిస్తే ఇంచి నీళ్ళు పడినాయి. మా జేజినాయన ఎండిపోయిన పాత బావి గట్టు మీద కూర్చుని, "మా కాలంలో నలభై అడుగులకే నీళ్ళు రా, కపిల తోలేవాళ్ళం" అన్నాడు. కపిల అంటే ఏందని అడిగినా.

బావి మీద గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర తోలు బాన. ఎద్దులు వాలు దారిలో కిందికి నడిస్తే బాన పైకొస్తుంది. దిగేటప్పుడు తోలే మనిషి కూడా మోకు మీద కూర్చుంటాడు. వింటుంటే నాకు ఇంటర్ టెక్స్ట్‌బుక్ గుర్తొచ్చింది. గిలక ఫోర్స్ దిశను మారుస్తుంది. వాలులో ఎద్దుల బరువే కొంత లాగుతుంది, మనిషి బరువు దానికి తోడు.

"అయితే ఎద్దులకు సులువే కదా?" అన్నాను.

"దిగేటప్పుడు సులువే. మళ్ళా పైకి ఎక్కొద్దా?"

ఎనర్జీ కన్జర్వేషన్ నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. వాలు పనిని తగ్గించలేదు, కొంత పనిని తిరుగు దారికి జరిపిందంతే. ఆ బిల్లును ఎద్దులు కట్టేవి, గడ్డి రూపంలో మనిషి కట్టేవాడు. అది కళ్ళకు కనపడేది.

ఇప్పుడు కనపడట్లేదు, నా బాధ అదే. 2004 నుంచి మన రైతులకు ఉచిత కరెంటు ఉంది. స్విచ్ వేస్తే నీళ్ళు వస్తాయి. ఫిజిక్స్ మాత్రం ఏదీ ఉచితంగా ఇవ్వదు. లెక్క వేసి చూడండి. వెయ్యి లీటర్లను 40 అడుగులు ఎత్తాలంటే సుమారు 1.2 లక్షల జూల్స్ చాలు. నీటి మట్టం 600 అడుగులకు పోతే దాదాపు 18 లక్షలు, అంటే అర యూనిట్. మోటారులో, పైపుల్లో సగం వృథా అయితే ఒక యూనిట్. అవే నీళ్ళు, పని 15 రెట్లు. పెద్ద మోటారు పెడితే నీళ్ళు తొందరగా వస్తాయేమో గానీ ఈ పని తగ్గదు.

ఉచిత కరెంటు తీసేయమని నేను అనడం లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, బోరు అప్పు మీద కరెంటు బిల్లు కూడా పడితే మా ఇల్లే నిలబడదు. హంద్రీ-నీవా వచ్చింది కదా అనొచ్చు. అదీ శ్రీశైలం జలాశయం నీళ్ళను మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తి తెచ్చేదే. అక్కడా ఇదే ఫార్ములా, మీటరు ఇంకోచోట తిరుగుతుంది.

నేననేది ఒక్కటే. నీళ్ళను ఎత్తడానికి పెట్టే బుర్ర, నీటి మట్టాన్ని పైకి తేవడానికీ పెట్టాలి. చేలో కుంట తవ్వి వాన నీళ్ళు ఇంకిస్తే మట్టం ఎన్ని అడుగులు పెరిగితే అన్ని అడుగుల పని ప్రతి రోజూ, ప్రతి లీటరుకూ మిగులుతుంది. ఏ మోటారు కంపెనీ అమ్మలేని ఎఫిషియెన్సీ అది. మా ఒక్క చేలో కుంట చాలదు, చుట్టుపక్కల అందరూ తవ్వాలి. ఎందుకంటే కింద నీళ్ళకు గట్లు ఉండవు.

ఈసారి ఊరికి పోయినప్పుడు నీటి మట్టం ఎంతుందో మీ నాయన్ని అడగండి. ఫోనులో లెక్క వేసి ఆయనకు చూపించండి. మా నాయన చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కుంట ఎక్కడ తవ్వితే బాగుంటుంది రా?" అన్నాడు.