ద్రాక్షకొండల నడుమ రైన్ నది

ఈ నెల మనం జర్మనీ దేశంలో రైన్ నది మీద ఒక పగటి ప్రయాణం చేద్దాం. స్విట్జర్లాండ్ మంచుకొండల్లో పుట్టి, సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి, నెదర్లాండ్స్‌లో సముద్రాన్ని చేరే ఈ నదికి నడుమ ఒక ఇరుకైన లోయ ఉంది. బింగెన్ పట్టణం దగ్గర మొదలై కోబ్లెంజ్ నగరం దగ్గర ముగిసే ఆ లోయ పొడవు 65 కిలోమీటర్లు. ఇరువైపులా నిటారైన కొండలు, వాటి వాలుల్లో ద్రాక్షతోటలు, తోటలకు పైన దాదాపు 40 పాత కోటలు. 2002లో యునెస్కో సంస్థ ఈ లోయను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. 1827 నుండి ఇక్కడ ప్రయాణికుల కోసం స్టీమర్లు తిరుగుతున్నాయి. ప్రవాహంతోపాటు పోతే సుమారు 4 గంటలు, ఎదురు వస్తే 6 గంటలు పడుతుంది. మనం ప్రవాహంతోనే పోదాం.

ద్రాక్షారసం పేరెత్తగానే మన సంఘాల్లో పెద్దలు ముఖం చిట్లిస్తారు. తాగుడు మన పల్లెల్లో ఎన్ని కాపురాలు కూల్చిందో కళ్లారా చూస్తున్నాం గనుక వారిని తప్పుపట్టలేం. మేము రాస్తున్నది సీసాను గూర్చి కాదు, తోటను గూర్చి. ద్రాక్షతోట సంగతి వినడానికి బైబిలు చదివేవారికి అభ్యంతరం ఉండదనుకుంటాం.

ఈ కొండలకు ద్రాక్షను తెచ్చినవారు రోమీయులు. ఇంత ఉత్తరాన, ఇంత చలిదేశంలో ద్రాక్ష పండడానికి కారణం ఇక్కడి రాయి. అది పలకరాయి. మన తరంవారు బడిలో అక్షరాలు దిద్దుకున్న పలక ఉందే, ఆ రాయే. పగలు ఎండకు కాగి, రాత్రి ఆ వేడిని నెమ్మదిగా తీగెకు వదులుతుంది. మట్టి జారిపోకుండా రైతులు తరతరాలుగా ఆ రాతితోనే, సున్నం లేకుండా, గోడలు పేర్చి మెట్లు మెట్లుగా చదును చేసుకున్నారు. చాలాచోట్ల ట్రాక్టరు ఎక్కదు. కత్తిరింపు, కోత, బుట్ట మోయడం అన్నీ మనిషి చేతిమీదే. సెప్టెంబరు చివర, అక్టోబరులో కోతలప్పుడు స్టీమరు మీదనుండి చూస్తే మనుషులు కొండకు అంటుకున్నట్టు కనబడతారు. ఇంత కష్టానికి గిట్టుబాటు లేక ఎందరో తోటలు వదిలేశారు. ఈ మధ్య రైన్ ప్రాంతమంతా కలిపినా ఇప్పుడు మిగిలిన ద్రాక్షతోటలు 1,200 ఎకరాలకు మించవు. మిగతా కొండల మీద తుప్పలు మొలిచాయి. తుప్పల కింద పాత గోడలు అలాగే ఉన్నాయి.

ఇక్కడి ముఖ్యమైన ద్రాక్ష పేరు రీస్లింగ్. ఆ మొక్కలు కొన్నట్టు 1435 నాటి ఒక జమీందారు లెక్కల పుస్తకంలో రాసి ఉంది. బింగెన్ పక్కనున్న ఒక ఊళ్లో జరిగిన ముచ్చట ఒకటి చెప్పాలి. 1829లో పంట బాగా లేక పండ్లను కోయకుండా తీగెల మీదే వదిలేశారట. చలికాలం పశువులకు మేతగా వేద్దామని 1830 ఫిబ్రవరిలో కోస్తే, గడ్డకట్టిన ఆ పండ్ల రసం తేనెలా ఉందట. ఇప్పుడు అలా గడ్డకట్టిన పండ్లనే ఎక్కువ ధరకు కొంటున్నారు.

రైతు పాఠకులు గుర్తుపెట్టుకోదగిన విషయం ఇంకొకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుండి ఫిలోక్సెరా అనే పురుగు ఐరోపాకు వచ్చింది. మన పేనుబంకకు దగ్గరి జాతి. వేళ్లను పీల్చి తీగెను చంపుతుంది. 1860ల్లో ఫ్రాన్సు తోటలను పట్టుకుంది, 1874లో జర్మనీలో బయటపడింది. మందులేవీ పనిచేయలేదు. చివరకు దొరికిన ఉపాయం అంటు కట్టడం. అమెరికా అడవి ద్రాక్ష వేరు ఆ పురుగును తట్టుకోగలదు గనుక ఆ వేరు మీద ఐరోపా కొమ్మను అంటు కట్టారు. ఈనాటికీ ఇక్కడి తోటల్లో ఎక్కువ భాగం పరాయి వేళ్ల మీదే నిలిచి ఉంది. ఈ అంటు సంగతి మళ్లీ వస్తుంది.

స్టీమరు బింగెన్ దాటగానే నది మధ్య చిన్న దీవి మీద ఎలుకల బురుజు కనబడుతుంది. కరువులో బీదలను కొట్టంలో పెట్టి తగలబెట్టిన ఒక బిషప్పును ఎలుకలు తరుముకొచ్చి ఈ బురుజులో తిన్నాయని కథ. కథలోని బిషప్పు చనిపోయింది 970లో, బురుజు కట్టింది అంతకు 300 ఏళ్ల తరువాత! నిజానికి అది పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టినది. ఈ లోయలో కోటలు ఇన్ని ఉండడానికి సుంకం ఒక పెద్ద కారణం. మత్తయి కూర్చున్న సుంకపు మెట్టు లాంటివి ఈ నది ఒడ్డున వరుసగా ఉండేవి. పాపం, సరుకు పడవవాడు ప్రతి వంపులోనూ ఆగి డబ్బు కట్టవలసిందే. 1868లో కుదిరిన మాన్‌హైమ్ ఒప్పందంతో నది అందరికీ ఉచితమైంది.

కాసేపటికి ఎడమ ఒడ్డున బాఖరాఖ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఈ ప్రయాణమంతటిలో మేము ఎక్కువసేపు నిలవాలనుకున్నది ఇక్కడే. చూడముచ్చటైన ఊరు. కర్రదూలాల ఇళ్లు, ప్రాకారపు బురుజులు, నడుమ పేతురు పేర కట్టిన పాత గుడి. అది ఇప్పుడు ప్రొటెస్టెంటు సంఘానిది. పైన స్టాలెక్ కోట. గుడికీ కోటకూ మధ్య ఎర్రరాతి శిథిలం ఒకటి ఉంది. పైకప్పు లేదు. పొడవైన కిటికీల్లో అద్దాలు లేవు, వాటిలోనుండి ఆకాశం కనబడుతుంది. స్టీమరు మీద ఉన్నవారు ఎక్కువగా ఫోటో తీసేది దీన్నే. దీని పేరు వెర్నర్ ప్రార్థనాలయం.

ఇది ఎలా వచ్చిందంటే, 1287 సంవత్సరంలో శ్రమల వారం రోజుల్లో వెర్నర్ అనే 16 ఏళ్ల కూలి కుర్రవాడు శవమై దొరికాడు. ఎవరు చంపారో తేలలేదు. కాని యూదులు రక్తం కోసం చంపారని పుకారు పుట్టింది. రక్తం తినకూడదని లేవీయకాండము గట్టిగా ఆజ్ఞాపించిందనీ, ఆ ఆజ్ఞకు కట్టుబడి మాంసంలోని నెత్తురంతా ఉప్పువేసి తీసి వండుకునే జనం యూదులనీ బైబిలు చేతపట్టుకున్న ఎవరైనా చెప్పగలిగి ఉండేవారు. ఎవరూ వినిపించుకోలేదు. జనం యూదుల ఇళ్లమీద పడ్డారు. ఈ లోయలోనే కాక పక్కనున్న మోజెల్ నది పొడవునా, దిగువ రైన్ ఊళ్లలోనూ యూదులను చంపారు. మంచి శుక్రవారం ప్రసంగం విన్న చెవులతోనే వారు ఆ పనికి వెళ్లారన్నది మమ్మల్ని కలచివేసే విషయం.

బాధితులు రుడోల్ఫ్ రాజుకు మొరపెట్టుకున్నారు. ఆయన విచారించి, ఆరోపణ అబద్ధమని తేల్చి, చంపినవారికి జరిమానా వేశాడు. కుర్రవాడి శవం పేర పూజలు మొదలు కాకుండా దాన్ని దహనం చేయమని కూడా ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞను ఎవరూ పాటించలేదు. యాత్రికులు వచ్చారు, కానుకలు వచ్చాయి, ప్రార్థనాలయం లేచింది. కట్టడం పదిహేనో శతాబ్దం దాకా సాగింది. అంతకన్నా ఆశ్చర్యం, వెర్నర్‌ను ద్రాక్ష రైతులు తమను కాపాడే పరిశుద్ధునిగా చేసుకున్నారు. చేతిలో తీగెలు కత్తిరించే కత్తి పెట్టి బొమ్మలు చేశారు. ఆ భక్తి దూరాన ఫ్రాన్సులోని ఓవెర్న్ ప్రాంతపు ద్రాక్షతోటల దాకా పాకింది. పాపం చనిపోయిన కుర్రవాడు ఏ నేరమూ చేయలేదు. నేరమంతా అతని పేరు వాడుకున్నవారిదే. 1689లో ఫ్రెంచి సైన్యం పైనున్న కోటను మందుపెట్టి పేల్చినప్పుడు రాళ్లు మీదపడి ప్రార్థనాలయం శిథిలమైంది. అబద్ధం మాత్రం కూలలేదు. ట్రియర్ కతోలిక మండలం వెర్నర్ పేరును తన పండుగల పట్టికనుండి కొట్టివేసినది 1963లో. లెక్కవేస్తే 676 సంవత్సరాలు!

ఇది కతోలికుల కథ గదా అని మన పాఠకులు కొందరు అనుకోవచ్చు. ఈ నదికే ఎగువన వర్మ్స్ పట్టణం ఉంది. 1521లో మార్టిన్ లూథర్ చక్రవర్తి ఎదుట ధైర్యంగా నిలిచింది అక్కడే. ఆ సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అదే లూథర్ 1543లో యూదులకు విరోధంగా ఒక పుస్తకం రాసి, వారి సమాజమందిరాలను కాల్చివేయమని పాలకులకు సలహా ఇచ్చాడన్నది మనం పిల్లలకు చెప్పం. నాజీలు ఆ రాతలను సంతోషంగా ఎత్తిచూపారు. 60 లక్షలమంది యూదులు చంపబడిన ఆ కాలంలో రైన్ ఒడ్డు ఊళ్లలోని యూదు కుటుంబాలు కూడా తుడిచిపెట్టుకుపోయాయి. మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం కూడా సభ్యురాలైన ప్రపంచ లూథరన్ సమాఖ్య 1984లో లూథర్ యొక్క ఆ రాతలను తిరస్కరించింది. గొప్ప దైవజనుడు రాసినంతమాత్రాన తప్పు ఒప్పు కాదని చెప్పడానికి వెనుకాడకపోవడం మాకు నచ్చింది.

అంతకు 4 ఏళ్ల ముందే, 1980 జనవరిలో, బాఖరాఖ్ పేతురు గుడి ఏ సంఘంలో ఉందో ఆ రైన్‌లాండ్ సువార్త సంఘం తన మహాసభలో ఒక తీర్మానం చేసింది. యూదుల సంహారంలో క్రైస్తవులకు పాలుందని, దోషముందని ఒప్పుకుంది. ఆ తీర్మానం రోమా పత్రిక 11వ అధ్యాయంలోని వేరు, కొమ్మల మాటతోనే మొదలవుతుంది. ఇందాకటి అంటు సంగతి ఇక్కడ గుర్తుచేసుకోండి. మామిడి అంటు కట్టే రైతు నాటు వేరు మీద మేలుజాతి కొమ్మను పెడతాడు. రైన్ రైతులు చేసిందీ అదే. పౌలు భక్తుడు చెప్పిన అంటు దీనికి తిరగేసినది. మంచి ఒలీవ వేరు మీద అడవి కొమ్మను కట్టారు, ఆ అడవి కొమ్మలు అన్యజనులమైన మనమే. అంటుకొమ్మ తన సొంత బలంతో నిలిచానని అతిశయపడి, విరిగిన కొమ్మలను చిన్నచూపు చూడకూడదని ఆయన రోమా సంఘాన్ని ముందే హెచ్చరించాడు. ఆ పత్రికను ప్రతి గుడిలో చదువుతూనే ఉన్న లోయ ఇది.

ప్రార్థనాలయపు శిథిలాన్ని పడగొట్టలేదు. యూదుల విషయంలో క్రైస్తవుల మనసు మారాలని వేడుకునే ప్రార్థన రాసిన ఫలకం ఒకటి అక్కడ పెట్టారు. పడగొట్టకపోవడమే మేలనిపిస్తుంది. పడగొడితే ఫోటోలతోపాటు కథ కూడా పోయేది.

స్టీమరు కదిలితే కౌబ్ దగ్గర నది మధ్య ఓడ ఆకారంలో తెల్లని కోట. ఇదీ సుంకపు మెట్టే, 1327 నాటిది. 2018 అక్టోబరులో వానలు లేక ఇక్కడి కొలబద్ద 25 సెంటీమీటర్లకు పడిపోయి సరుకు ఓడలు సగం బరువు కూడా ఎత్తలేకపోయాయి. ఆ తరువాత కుడి ఒడ్డున లోరెలై బండ, 132 మీటర్ల ఎత్తు. బండ మీద కూర్చుని పాడే కన్య పడవవాళ్లను ముంచుతుందన్న కథ పాతదనుకుంటారు. 1801లో ఒక కవి అల్లినదే. ముంచేది ఇరుకు, వడి, మలుపు. 2011 జనవరిలో ఆమ్లం మోసుకుపోతున్న ఓడ ఒకటి ఇక్కడ తిరగబడి, నలుగురు సిబ్బందిలో ఇద్దరే బతికి బయటపడ్డారు. లోరెలై పాటకు లోకమంతా పేరు తెచ్చినవాడు హైన్రిఖ్ హైనే. యూదుల ఇంట పుట్టి 1825లో ప్రొటెస్టెంటుగా బాప్తిస్మం పొందాడు. 1287 లాంటి అపనిందనే తీసుకుని, పస్కా రాత్రి ఇల్లు విడిచి పారిపోయే ఒక రబ్బీ కథను బాఖరాఖ్ ఊళ్లో పెట్టి రాయడం మొదలుపెట్టాడు. పూర్తి చేయలేదు, 1840లో ఉన్నంతవరకు అచ్చు వేశాడు. బండ దగ్గర స్టీమరులో ఆయన పాట వేస్తారు. బాఖరాఖ్ దగ్గర ఆయన కథ ఎవరూ ఎత్తరు.

ఇక బోపార్డ్, బ్రౌబాఖ్ మీదుగా కోబ్లెంజ్. బ్రౌబాఖ్ పైనున్న మార్క్స్‌బుర్గ్ ఒక్కటే ఈ లోయలో ఏనాడూ కూలని కొండకోట. కోబ్లెంజ్ దగ్గర మోజెల్ వచ్చి రైన్‌లో కలుస్తుంది.

మన పిల్లలు ఈమధ్య చదువులకూ ఉద్యోగాలకూ జర్మనీ వెళ్తున్నారు. ఎప్పుడైనా వారి దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు ఈ స్టీమరు ఎక్కితే, బాఖరాఖ్‌లో దిగమని మా సలహా. పేతురు గుడి పక్కనుండి మెట్లు పైకి పోతాయి. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా ఆగి ఆగి ఎక్కవచ్చు. చూసి దిగివచ్చి తరువాతి స్టీమరులో ప్రయాణం సాగించవచ్చు.