గిటారు మూత విప్పనిండు

మన పాఠశాల సంగీతపు గదిలోని విద్యుత్ గిటారు మూతను విప్పి, లోపలి తీగలను మార్చి కలుపుకొనుటకు పై తరగతుల విద్యార్థులు కొందరు అనుమతి కోరియున్నారు. పెద్దలలో కొందరికిది రుచింపలేదు. కర్మాగారమువారు కూర్చిన దానిని పిల్లలు కెలుకుట యేల యని వారి ప్రశ్న. తెలుగు చెప్పుకొను మాకీ తగవుతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. ధ్వని మాకును సంబంధించినదే గదా! విద్యార్థుల కోరిక న్యాయమైనదని మా అభిప్రాయము.

ఆ మూత క్రింద ఏమున్నదో ముందు చూతము. ఉక్కు తంత్రుల క్రింద అయస్కాంతములును, వాని చుట్టును వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగయు నుండును. దీనినే పికప్ అందురు. తంత్రి కంపించినపుడు అయస్కాంత క్షేత్రము మారి, తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణయే యిది. ఆ విద్యుత్తు మీటను, వాల్యూము మరను, చిన్న కెపాసిటరును దాటి బయటికి పోవును. ఈ దారిని మార్చినచో గిటారు గొంతే మారును.

రెండు చుట్టలను శ్రేణిలో కలిపినచో ధ్వని బలిసి, తేటదనము కొంత తగ్గును. సమాంతరముగ కలిపినచో బలము తగ్గి తేటదనము హెచ్చును. ఒకదాని కొసలను తారుమారు చేసినచో రెండింటిలోని మంద్రభాగము చాలవరకు పరస్పరము కొట్టివేయబడి, సన్నని ముక్కుగొంతు మిగులును. పరీక్షకొరకు లెక్కకట్టి మరునాడు మరచిపోవు శ్రేణి, సమాంతర సంధానములను చెవితో విని తెలిసికొను అవకాశము మరి యెచ్చట దొరకును?

కర్మాగారపు కూర్పు మార్పరానిదను వాదమునకు గిటారు చరిత్రయే సమాధానము. 1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టరునకు మూడు పికప్పులును, మూడు స్థానముల మీటయు నుండెను. వాయించువారు ఆ మీటను స్థానముల నడుమ నిలిపి, రెండేసి పికప్పులను ఒక్కమారు పలికించి క్రొత్త ధ్వనిని పొందిరి. 1977లో కంపెనీవారే అయిదు స్థానముల మీటను అమర్చిరి. (ఈ నడిమి ధ్వనిని చాలమంది వ్యతిరేక దశ యని పిలుతురు. అది సరికాదు, అది కేవలము సమాంతర సంధానము. మాటల విషయమున మా చాదస్తమును పాఠకులు మన్నింతురుగాక.)

ఇంగ్లండులో 1963లో బ్రయన్ మే యను బాలుడు తండ్రితో కూడి, పాత పొయ్యిగూటి కొయ్యతో ఒక గిటారును చేయ మొదలిడెను. మూడు పికప్పులను శ్రేణిలో కలిపి, ఒక్కొక్కదానికి పలికించుటకొక మీటను, దశ మార్చుటకొక మీటను పెట్టెను. తరువాత క్వీన్ బృందముతో లోకమంతట వాయించినది ఆ గిటారునే. అతడే 2007లో ఖగోళభౌతికశాస్త్రమున డాక్టరేటు పొందెను. వాద్యమును మార్చుకొనుట మనవారికిని క్రొత్తగాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్ జంట తంత్రులను విడిచి, ఒంటి తంత్రులయిదు గల విద్యుత్ వాద్యముపై కర్ణాటక సంగీతమును పలికించెను.

పెద్దల భయములో నిజము లేకపోలేదు. సోల్డరింగు కడ్డీ చేయి కాల్చును. సోల్డరులో సీసముండవచ్చును గనుక పని ముగిసినంతనే చేతులు కడుగుకొనవలెను. పికప్పు తీగ వెండ్రుకవలె సన్నము, ఊరక తెగును. వీనికన్న ముఖ్యమైనది, ఆంప్లిఫయరు పెట్టెను విద్యార్థులెవ్వరును తెరువరాదు. మీట నాపిన పిమ్మటను అందు ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. గిటారును దానినుండి విడదీసిన తరువాతనే మూత విప్పవలెను. ఈ విషయమున మేము కఠినులము.

మరియొక నియమమును కోరుచున్నాము. పొరుగు రాష్ట్రమున మేము శిక్షణ పొందిన నాళ్ళలో, ఏ పనినైనను చేయుటకు ముందు మాతృభాషలో వ్రాసి చూపుమని మా గురువులు పట్టుబట్టెడివారు. అట్లే ఏ రంగు తీగ ఎచ్చట కలిసియున్నదో ముందు తెలుగులో వ్రాసి, పటము గీసి, ఆ కాగితమును గిటారు పెట్టెలోనే ఉంచవలెను. వచ్చు సంవత్సరపు పిల్లలు దానిని చూచి పాత కూర్పును తిరిగి తేగలుగుదురు.

మొదటి మార్పు చిన్నదిగా నుండుట మేలు. వాల్యూము తగ్గించినపుడు తేటదనము పోకుండుటకై, ఆ మరకు విద్యుత్తు వచ్చు కాలికిని నడిమి కాలికిని మధ్య 0.001 మైక్రోఫారడు కెపాసిటరు నొకదానిని అతికించిన చాలును. నచ్చనిచో వెంటనే ఊడదీయవచ్చును. భౌతికశాస్త్రపు ఉపాధ్యాయులు ప్రక్కన నిలుచుట కొప్పుకొనియున్నారు. గది తాళపుచెవి యిప్పించినచో వచ్చు శనివారము మధ్యాహ్నమే పని మొదలుపెట్టింతుము.