పేరు పోయిన పింగాణి మృగములు

చీనాదేశపు పింగాణి జంతుప్రతిమలను సంపన్నుల గృహములలోని వట్టి ఆటబొమ్మలుగా నెంచుట పలువురకు పరిపాటియైనది. ఈ యెన్నిక న్యాయము కాదని మా యభిప్రాయము.

ఫుజియన్ రాష్ట్రమందలి దెహువా ఆవములలో కాలిన తెల్లని సింహములను జూడుడు. సింహము చీనాలో పుట్టిన మృగము కాదు. బౌద్ధధర్మముతోపాటు సింహమూర్తి భరతఖండమునుండి యచ్చటికేగి ద్వారరక్షకమై నిలిచినది. జంటలో మగసింహము పాదము క్రింద బంతియు, ఆడుసింహము పాదము క్రింద పిల్లయు నుండును. ఇట్టి సింహమును పాశ్చాత్య వర్తకులు 'కుక్క' యనిరి. ఆ పేరే నేటికిని అంగడులలో చెల్లుచున్నది!

వీపున కలశము మోయు ఏనుగు మరియొకటి. చీనాభాషలో ఏనుగు పేరగు 'షియాంగ్' శుభమును, కలశము పేరగు 'పింగ్' శాంతిని స్ఫురింపజేయును. ఈ శ్లేష నెరుగనివారికి అది బొమ్మ, ఎరిగినవారికి ఆశీర్వచనము.

ఐరోపాకు ఈ పింగాణిపై గల మోహము సామాన్యమైనది కాదు. 1717లో సాక్సనీ ప్రభువగు ఆగస్టసు 600 మంది ఆశ్వికభటులను ప్రష్యా రాజున కిచ్చి 151 పింగాణి పాత్రలను గైకొనెను. అంతకుముందే, 1710లో, మైసెన్‌లో స్వంత కర్మాగారమును స్థాపించియుండెను; తరువాత తన సౌధమునకై పెద్ద పింగాణి మృగములను గూడ నచ్చట చేయించెను. వస్తువు నింతగా వలచినవారు దాని పేరును మాత్రము నిలుపరైరి. దెహువా పని ఫ్రెంచివారి నోట 'బ్లాంక్ ద షీన్' అయ్యెను. కాంగ్‌షీ చక్రవర్తినాటి పచ్చవన్నె పని 'ఫామీ వెర్త్' అయ్యెను.

వీనిలో పెక్కులు ఎగుమతికై చేయబడినవే గదా, కొన్నవారు పేరు పెట్టిన తప్పేమని కొందరడుగవచ్చును. వెల యిచ్చినవానికి వస్తువుపై స్వామ్యము గలుగును గాని, దాని పుట్టుకపై గలుగదు. దెహువా శిల్పి హే చావోజాంగ్ తన ముద్ర వేసికొనుటచే నేటికిని స్మరింపబడుచున్నాడు. ముద్ర లేని పనివారికి ఊరి పేరైనను దక్కవలదా?

హైదరాబాదు సాలార్జంగు ప్రదర్శనశాలయందు చీనా పింగాణి సంగ్రహమొకటి గలదు. అట్టి వస్తువులు గల యే ప్రదర్శనశాలయందైనను, ఏ గృహమందైనను, ప్రతిమ ప్రక్కన అది పుట్టిన ఊరును, దాని స్వదేశనామమును, దాని భావమును తేట తెలుగున వ్రాయించుట యుక్తము. అందుకు వ్యయము స్వల్పము. పరుల చేతిపనిని దాని పేరుతో పిలువ నేర్చినగాని, మన చేతిపనులకు అట్టి మర్యాదను కోరు అర్హత మనకు గలుగదు.