డెంటిస్ట్ లైసెన్స్ సరే.. క్లినిక్‌ను వెనకుండి నడిపే కంపెనీని ఆపేదెవరు?

అమెరికాలో ఉంటున్న మీ వాళ్లు పిల్లాడిని పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారనుకోండి. చికిత్స చేసే డెంటిస్ట్‌కు రాష్ట్ర డెంటల్ బోర్డు లైసెన్స్ ఉంటుంది. కానీ అద్దె, పరికరాలు, సిబ్బంది జీతాలు, బిల్లింగ్, ప్రకటనలు చూసేది చాలాచోట్ల వేరే కంపెనీ. వీటినే డెంటల్ సపోర్ట్ ఆర్గనైజేషన్లు, పొట్టిగా డీఎస్‌వోలు అంటారు. డెంటిస్ట్ కానివారు క్లినిక్‌కు ఓనర్‌గా ఉండకూడదని అక్కడ చాలా రాష్ట్రాల్లో నిబంధన ఉంది. అందుకని కాగితాల మీద ఓనర్ డెంటిస్టే, కంపెనీ తీసుకునేది 'మేనేజ్‌మెంట్ ఫీజు' మాత్రమే.

చిక్కు ఇక్కడే ఉంది. అనవసరంగా పళ్లకు క్యాపులు వేశారని ఫిర్యాదు వస్తే బోర్డు డెంటిస్ట్‌ను పిలుస్తుంది. రోజుకు ఇంత బిల్లు రావాలని ఒత్తిడి చేసిన కంపెనీకి అసలు డెంటల్ లైసెన్సే లేదు. ఇక బోర్డు దేన్ని రద్దు చేస్తుంది? పోనీ వ్యాపార రిజిస్ట్రేషన్ రద్దు చేద్దామా అంటే, ఇంకో పేరుతో ఇంకో కంపెనీ పెట్టడం ఎంతసేపు?

'స్మాల్ స్మైల్స్' క్లినిక్‌ల ఉదంతం చూడండి. పేద కుటుంబాల పిల్లలకు ప్రభుత్వం ఖర్చు భరించే మెడికెయిడ్ పథకం కింద ఇవి నడిచాయి. పాలపళ్లకు అవసరం లేని రూట్ కెనాల్ లాంటి చికిత్సలు, స్టీల్ క్యాపులు వేసి బిల్లులు పెట్టారన్న ఆరోపణలపై, వాటిని నడిపిన ఫోర్బా సంస్థ 2010లో 2.4 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. ఆ తర్వాత పేరు మారింది. 2012లో దివాలా పిటిషన్ పడింది. క్లినిక్‌లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. డెంటిస్టులు పేరుకే ఓనర్లని 2013లో సెనేటర్లు మ్యాక్స్ బాకస్, చక్ గ్రాస్లీ విడుదల చేసిన నివేదిక తేల్చింది.

చివరికి పనిచేసింది లైసెన్స్ రద్దు కాదు, డబ్బు ఆపేయడం. 2014లో ఫెడరల్ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆ కంపెనీని ఐదేళ్ల పాటు ప్రభుత్వ ఆరోగ్య పథకాల నుంచి వెలివేశారు. ఏప్రిల్‌లో ప్రకటించి, సెప్టెంబర్ 30 నుంచి అమలు చేశారు. ఆ గడువు కంపెనీ మీద జాలితో ఇచ్చింది కాదు. రాత్రికి రాత్రి క్లినిక్‌లు మూస్తే సగం చికిత్సలో ఉన్న పిల్లలు ఎక్కడికి పోతారు? మెడికెయిడ్ తీసుకునే డెంటిస్ట్ దొరకడమే అక్కడ కష్టం.

మన దగ్గరా చైన్ క్లినిక్‌లు పెరుగుతున్నాయి. అయితే ఆంధ్ర, తెలంగాణల్లో డెంటిస్ట్‌కు డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తో పాటు, క్లినిక్‌కు జిల్లా వైద్య ఆరోగ్యాధికారి దగ్గర వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫిర్యాదు చేయాల్సి వస్తే రెండు చోట్లా ఇవ్వండి. ఎక్స్‌రేలు, చికిత్స వివరాల కాపీ ముందే అడిగి తీసుకోండి. క్లినిక్ మూతపడ్డాక అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.